గంగ మీద పంక్తిభోజనం

హుగ్లీని తెల్లవారుజామున చూడాలంటారు భక్తులు. సాయంత్రం చూడాలంటారు కొత్తగా పెళ్లయినవాళ్లు. నన్నడిగితే మధ్యాహ్నం చూడాలి, అదీ పుష్యమాసంలో, ఆకలి మీద. చీకటి పడ్డాక నదిని చూసే స్వేచ్ఛ మన చేతిలో ఉండదు. ఎక్కడ దీపం పెట్టారో అక్కడే కన్ను నిలవాలి. హౌరా వంతెనకి కాసేపు ఊదారంగు పూస్తారు, కాసేపు ఆకుపచ్చ పూస్తారు, తక్కిన ఒడ్డంతా లేనట్టే. మధ్యాహ్నానికి ఈ అలంకారాలు లేవు. కలకత్తాలో జనవరి ఎండ నెత్తిన మొట్టదు. కాస్త పక్కనుంచి, పొగమంచులో వడకట్టుకుని, పాలిపోయి వస్తుంది. ఆ వెలుగులో తుప్పు తుప్పులాగే, నాచు నాచులాగే కనిపిస్తుంది. గిడ్డంగి గోడ పగుల్లో మొలిచిన రావిమొక్క ఆకులు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

భోజనం పెట్టి మరీ చూపించడమేమిటి, రెండూ కలిపితే దేనికీ న్యాయం జరగదు కదా అని ఒక ఆక్షేపణ ఉంది. రసం గురించి మాట్లాడేవాళ్లు మాత్రం ఆ మాట అనకూడదు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసమంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు భరతుడు చూపించింది అన్నం తింటున్న మనిషినే. నానా వ్యంజనాలతో వండిన అన్నాన్ని ప్రసన్నమైన మనసుతో తినేవాడు రుచుల్ని ఎలా ఆస్వాదిస్తాడో, నాటకం చూసేవాడు భావాల్ని అలా ఆస్వాదిస్తాడన్నాడు. అంటే మన సౌందర్యశాస్త్రంలో మొదటి సహృదయుడు విస్తరి ముందు కూర్చున్నవాడే. అయితే విస్తరి ముందు కూర్చున్నవాడు అన్నీ ఒకేసారి కలిపేసుకుని తినడు. హుగ్లీ మీద మధ్యాహ్న విహారంలో రసమంతా ఈ ఒక్క సంగతిలో ఉంది: ఏది ముందు, ఏది తరవాత. బెంగాలీ భోజనానికి ఒక క్రమం ఉంది. ఒడ్డున రేవులకీ ఒక క్రమం ఉంది. ఆ రెండింటినీ జోడుగా నడిపించుకోవడమే ఈ విహారంలో ప్రయాణికుడి ప్రతిభ.

తెలుగువాడికి కలకత్తా సంత్రాగాఛిలో మొదలవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా, విజయవాడలోనో విశాఖలోనో రైలెక్కే మనకైనా దారి ఒకటే. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది దాటితే హౌరా జిల్లా. వంతెన దాటగానే దేవుల్టీ అని చిన్న స్టేషను. శరత్‌బాబు చివరి సంవత్సరాల్లో చాలాకాలం గడిపిన సామ్తాబేడ్ దానికి దగ్గర. చక్రపాణి తెనుగు చేసిన శరత్ నవలలు చదివి, 1953 నాటి దేవదాసు చూసి పెరిగిన ఇళ్లలో ఈ నదీతీరాలు చూడకముందే తెలిసినట్టుంటాయి. ఆ తెలిసినట్టుండటం కొంత అడ్డం కూడా. మనం చూడబోయేది శరత్ పల్లెల నీరు కాదు, ఓడలు నడిచే నీరు. ఇప్పుడు కోరమాండల్ హౌరాకి పోకుండా షాలిమార్‌లో ఆగిపోతోంది కాబట్టి, కాస్త ముందే సంత్రాగాఛిలో దిగిపోవడం సుఖం.

సుఖమే కాదు, ఔచిత్యం కూడా. స్టేషను పక్కనే సంత్రాగాఛి ఝీల్ ఉంది. నవంబరులో మొదలై ఫిబ్రవరి దాకా అక్కడ పక్షులు దిగుతాయి. ఎక్కువ భాగం శరాలి అనే చిన్న గోధుమరంగు బాతులు. వాటి మధ్య అక్కడక్కడ సూదితోక బాతులు. చెరువంతా అల్లుకుపోయే గుర్రపుడెక్కని చలికాలానికి ముందు కొంత తీసేసి, కొంత చిన్న చిన్న దీవుల్లా మిగులుస్తారు. ఆ దీవుల మీద బాతులు వందలకొద్దీ ఒకే వైపు ముఖం పెట్టి కూర్చుంటాయి. శరాలి కూత ఈలలాగా ఉంటుంది. పక్కన యార్డులో ఇంజను కూస్తే అవి బెదరవు, వాటి ఈలకి మనమే తల తిప్పుతాం. నాటకానికి ముందు పూర్వరంగం ఉండాలన్నారు పెద్దలు. నీటి మీద పనేమీ లేకుండా కూర్చోవడం ఎలాగో కళ్లకి చూపించి పంపే ఈ చెరువుకంటే మంచి పూర్వరంగం నదీవిహారానికి దొరకదు.

ఇంకొక సంగతి చెప్పకుండా సంత్రాగాఛి వదలలేను. బెంగాల్లో ఈ ఊరి పేరు చెప్పగానే వంటింటివాళ్లకి గుర్తొచ్చేది రైలు కాదు, కంద. సంత్రాగాఛి ఓల్ అంటే పేరుపడ్డ రకం. మన కొవ్వూరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకం దురద లేనిదని దేశమంతా పాకింది. సంత్రాగాఛి రకానికి గొంతులో ఒక చిన్న గిల్లు మిగిలే ఉంది. చింతపండు పులుసులో మనం ఆ గిల్లుని చంపేస్తాం. బెంగాలీలు ఆవముద్దతో దాన్ని రెచ్చగొడతారు. రొయ్యలతో వండితే ఆ కూరకి సాటి లేదు. ఇంత ఘనమైన కంద నదికి ఇంత దగ్గర్లో పండుతుంటే, లాంచీల మీద పనీరు వడ్డించడం ఏం రసికతో నాకు బోధపడదు.

సంత్రాగాఛి నుంచి కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా బస్సెక్కితే రెండో హుగ్లీ వంతెన మీద నది మొదటిసారి కనిపిస్తుంది, పైనుంచి, అరనిమిషం, తీగల సందుల్లోంచి. కలకత్తావాళ్లకి ఈ నదితో ఉన్న సంబంధం ఇప్పుడు చాలామటుకు ఇంతే. 2024 మార్చి నుంచి అదీ అక్కర్లేకుండా పోయింది. ఎస్ప్లనేడ్ నుంచి హౌరా మైదాన్ పోయే మెట్రో నది అడుగున 520 మీటర్ల సొరంగాన్ని ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. సొరంగం గోడల మీద నీలం దీపాలు పెట్టి, మీ తలమీద గంగ ఉంది సుమా అని చెప్పవలసి వచ్చింది. ముప్పావు నిమిషంలో దాటగలిగే నది మీద రెండు గంటలు తిరగడానికి డబ్బిచ్చి టికెట్టు కొనుక్కోవడంలో ఒక కావ్యోచితమైన అవివేకం ఉంది. అసలు కళలన్నీ అక్కడే మొదలవుతాయి.

లాంచీలు బయల్దేరేది స్ట్రాండ్ రోడ్డు పక్క, మిలీనియం పార్కు దగ్గరి జెట్టీలనుంచి. పడవ నడిపేవాణ్ణి ఇక్కడా సరంగు అనే అంటారు, రాజమండ్రిలో లాగే. తెలుగువాళ్లకి లాంచీ భోజనం కొత్తేమీ కాదు. పాపికొండలకి పోయిన ప్రతివాడూ పులిహోర పొట్లం విప్పుతూ కొండల్ని చూసినవాడే. అయితే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తరవాత మనవాళ్ల కళ్లు ముందు లైఫ్ జాకెట్లకోసం వెతుకుతాయి, ఆ తరవాతే కిటికీ పక్క సీటుకోసం. వెతకడం మంచిదే. వాటిని లెక్కపెట్టుకుని కూర్చున్నాక మనసు నిలకడగా ఉంటుంది, నిలకడ లేనిదే ఆస్వాదన లేదు. పాపికొండలతో పోలిక కూడా అక్కడితో సరి. గోదావరి మీద ప్రకృతి ఆడుతుంది, మనుషులం చూస్తాం. హుగ్లీ మీద ఆడేది ఊరే. మూడువందల యేళ్ల వ్యాపారం, భక్తి, చావు, స్నానం అన్నీ ఒకే మెట్లమీద కూర్చుని మనవైపు చూస్తూ ఉంటాయి.

ఎగువకి మళ్లగానే హౌరా వంతెన. ఇక్కడ ఏమీ తినకూడదు. బఫే బల్ల దగ్గర తొక్కిసలాట మొదలైనా సరే, పళ్లెం పక్కన పెట్టి డెక్ మీదికి రావాలి. ఈ వంతెనని రోడ్డు మీద చూసినవాళ్లకి జనం కనిపిస్తారు, ఫోటోల్లో చూసినవాళ్లకి నీడబొమ్మ కనిపిస్తుంది. దాని నిర్మాణం మాత్రం కింద నుంచి వెళ్లేవాడికే అర్థమవుతుంది. నీళ్లలో ఒక్క స్తంభం లేదు. ఒడ్డున రెండు గోపురాలు, ఒక్కొక్కటి 280 అడుగులు. వాటినుంచి చెరొక చెయ్యి 468 అడుగులు నది మీదికి చాచి ఉంటుంది. రెండు చేతులూ కలవవు. మధ్యలో మిగిలిన 564 అడుగుల ఎడాన్ని ఆ రెండు చేతుల చివర్లనుంచి వేలాడదీసిన ముక్క పూడుస్తుంది. రోడ్డు కూడా దాని మీద లేదు, దానినుంచి వేలాడుతోంది. చేతులు చాచినా కలవకపోవడమే వంతెనని నిలబెడుతోందంటే, విప్రలంభశృంగారానికి ఇంజనీర్లు రాసిన వ్యాఖ్యానం ఇదే అనుకోవాలి.

26,500 టన్నుల ఉక్కు. ఎక్కువ భాగం టాటావారిది. నట్టూ బోల్టూ లేకుండా అంతా రివెట్లతో కుట్టారు. అంతకు ముందు ఇక్కడ 1874 నాటి తేలుడు వంతెన ఉండేది, ఓడ వచ్చినప్పుడల్లా నడుమ తెరిచి దారి ఇవ్వవలసి వచ్చేది. కొత్తదానికి నీళ్లలో కాలు పెట్టనివ్వకపోవడానికి ఓడలూ ఒండ్రూ రెండూ కారణాలే. 1943 ఫిబ్రవరి 3న, జపాను బాంబుల భయంతో ఆర్భాటమేమీ లేకుండా తెరిచారు. 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టారు, ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు. కింద నుంచి చూస్తున్నంతసేపూ ఈ లెక్కలేవీ గుర్తుండవు. పైన బస్సులు పోతుంటే ఉక్కులోంచి ఒక సన్నని మూలుగు దిగి నీటి మీద పడుతుంది. నీడ లాంచీని నెమ్మదిగా ఒక చివరనుంచి మరో చివరకి తుడుచుకుంటూ పోతుంది. నీడలో ఉన్నంతసేపు చల్లగా ఉంటుంది, మాటలు ఆగిపోతాయి, పిల్లలు కూడా పైకే చూస్తారు. మన ఆలంకారికులు కవిత్వపు పాకాల్లో నారికేళపాకాన్ని చివర పెట్టారు. పెంకు పగలగొడితే గాని లోపలి నీరు అందదు. ఇది నారికేళపాకపు వంతెన. దాని అందం వెంటనే చేతికి రాదు.

వంతెనకి ఆనుకుని కుడి ఒడ్డున మల్లిక్ ఘాట్ పూలబజారు. పొద్దుటి బేరం అయిపోయి, మిగిలిన బంతిపూల రెక్కలు మెట్లమీదుగా జారి నీళ్లలోకి దిగుతుంటాయి. దీని గురించి అందరూ రాశారు. నాకు అక్కడ నచ్చేది పూలు కాదు, పూలమూటలు మోసుకుంటూ మెట్లు దిగేవాళ్ల పాదాలు. నడకలో తొందర కనిపిస్తుంది, అడుగు మాత్రం తడబడదు.

ఇప్పుడు తినడం మొదలుపెట్టవచ్చు. బఫే పెట్టారు కాబట్టి అన్నీ బల్లమీద ఒకేసారి ఉంటాయి. బిరియానీ, నూడుల్స్, గులాబ్‌జామూ ఒకే వరసలో. ఈ అరాచకానికి లొంగకూడదు. బెంగాలీ మధ్యాహ్న భోజనం చేదుతో మొదలవుతుంది. కాకరకాయ, అరటికాయ, ములక్కాడ, చిలగడదుంప, వడియాలు వేసి, పాలు పోసి, ఆవతో ముగించే శుక్తో. ఇది మధ్యాహ్నపు వంటకం, రాత్రి వండరు. మన ఇళ్లలో పప్పూ నెయ్యీతో తొలిముద్ద మెత్తగా మొదలవుతుంది. ఇక్కడ తొలిముద్ద నాలుకని కడిగేస్తుంది. శుక్తోలో చేదు కాకరకాయ పులుసులో చేదులాగా వాదించదు. పాలలో మునిగి, నాలుక వెనకభాగాన ఒక్కసారి తగిలి, తప్పుకుంటుంది. దానికి సరిగ్గా పావుకప్పు అన్నం చాలు.

ఆ ముద్ద నోట్లో ఉండగా లాంచీ నీమ్‌తలా దాటుతుంది.

నీమ్‌తలా శ్మశానం. 1941 ఆగస్టు 7న రవీంద్రనాథుణ్ణి దహనం చేసిన చోటు. ఒడ్డున కట్టెల దొంతులు, వెనక విద్యుత్ దహనశాల గొట్టం, పక్కనే భూతనాథ ఆలయం. మెట్లమీద తలగొరిగించుకుంటున్న కొడుకులు. పొగ నిట్టనిలువుగా లేచి కొంత దూరం పోయాక నదివైపు వాలుతుంది. డెక్ మీద ఇరవై బల్లలు, అందరి చేతిలో పళ్లేలు. కొందరు ముఖం తిప్పుకుంటారు. కొందరు చేతులెత్తి దణ్ణం పెట్టి మళ్లీ చెంచా తీసుకుంటారు. మొదటిసారి వచ్చినవాళ్లకి ఇది ఘోరమైన ఔచిత్యభంగం అనిపిస్తుంది. విహారయాత్ర దారిలో శ్మశానమేమిటి, కనీసం భోజనం తరవాతైనా చూపించకూడదా అని.

ఆనందవర్ధనుడు ఈ చిక్కు గురించి ఆలోచించాడు. పరస్పర విరోధమున్న రసాలు పక్కపక్కన పడితే మధ్యలో రెండింటికీ పొసిగే మూడోదాన్ని ఉంచి విరోధం తీర్చమన్నాడు. నీమ్‌తలా దగ్గర ఆ మూడోది శుక్తో. నోట్లో తీపి ఉంటే ఆ పొగని చూడటం అవమానం. కారం ఉంటే అబద్ధం. చేదు ఉన్నప్పుడు మాత్రం నాలుకా కన్నూ ఒకే మాట మీద ఉంటాయి. శ్మశానంనుంచి ఇంటికొచ్చినవాళ్లు వేపాకు కొరికే ఆచారం బెంగాలీలకి ఉందని గుర్తుంటే ఇంకేమీ అనిపించదు. ఎవరూ అనుకుని ఏర్పాటు చేసింది కాదిది. వంటవాడు తన ఆచారం పాటించాడు, సరంగు తన దారిన పోయాడు. అయినా ఇంత ధ్వని ఉన్న సన్నివేశం నేను ఏ రంగస్థలం మీదా చూడలేదు. రెండు నిమిషాల్లో దాటిపోతుంది. దాటాక పప్పు వడ్డించుకోవచ్చు.

పెసరపప్పు, వంకాయ వేపుడు, అహిరీతోలా, శోభాబజార్. ఇక్కడ కన్నుకి విశ్రాంతి. ఒడ్డుకీ ఊరికీ మధ్య చక్రరైలు పట్టా ఉంది. ఒక లోకల్ బండి గుడి గోపురాన్నీ వ్యాయామం చేస్తున్న పహిల్వాన్లనీ కాసేపు మూసి మళ్లీ తెరుస్తుంది. కుమార్‌టులీ రేవులో విగ్రహాలు చేసేవాళ్లకి వెదురూ ఎండుగడ్డీ దింపుతుంటారు. మాఘపంచమికి సరస్వతులు తయారవ్వాలి కదా. లాంచీనుంచి విగ్రహాలు కనబడవు, గడ్డిమోపులే కనబడతాయి. అదే నయం. ఊహకి పని మిగులుతుంది. లౌడ్‌స్పీకరులో చరిత్ర చెప్పేవాడు మాత్రం ఊహకి ఏమీ మిగల్చడు. నేనెక్కిన ఒక లాంచీలో ఆ కుర్రాడు ప్రతి రేవుకీ సంవత్సరం చెప్పి, మధ్యలో హిందీ పాట పెట్టి, పాట సగంలో ఆపి మళ్లీ సంవత్సరం చెప్పాడు. వెనక డెక్‌కి పారిపోవడం ఒక్కటే మార్గం, ఇంజను మోతలో అతని గొంతు అణిగిపోతుంది.

బాగ్‌బజార్ దగ్గర చేప. రసగుల్లాకి జన్మస్థానమని నవీన్ చంద్ర దాస్ పేరూ 1868వ సంవత్సరమూ చెప్పుకునే పేట ఇది. ఒడిశావాళ్లు ఒప్పుకోరు, భౌగోళిక గుర్తింపు చివరికి ఇద్దరికీ విడివిడిగా ఇవ్వవలసి వచ్చింది. తీపికి ఇంకా వేళ కాలేదు. ముందు చేప. శీతకాలం కాబట్టి ఇలిష్ లేదు, ఉండకూడదు కూడా. మన పులసే ఇలిష్. వానాకాలంలో సముద్రంనుంచి నదికి ఎదురీదుతూ వచ్చినప్పుడే దానికి ఆ రుచి. జనవరిలో ఇలిష్ వడ్డించేవాడు ఐస్‌పెట్టెలోంచి తీసి వడ్డిస్తాడు. బదులుగా అరటాకులో ఆవముద్దతో చుట్టి ఆవిరి మీద ఉడికించిన భేట్‌కీ పాతూరీ వస్తుంది. భేట్‌కీ అంటే పండుగప్ప. ఆకు విప్పగానే ఆవఘాటు ముక్కుకి తగులుతుంది. ముక్క పొరలు పొరలుగా విడుతుంది, ముల్లు లేదు, కాబట్టి చూపు పళ్లెంలో ఉంచుకోనక్కర్లేదు. నదిమీద తినడానికి ఇంతకన్నా తగిన వంటకం లేదు. ముళ్ల చేప తినేవాడు ఒడ్డుని చూడలేడు.

చవకరకం లాంచీల్లో మాత్రం బొచ్చె, రోహూ పులుసులు పెడతారు. అవి ఈ నదివి కావు. హౌరా స్టేషను పక్కనున్న టోకు చేపల బజారుకి కొల్లేరు చుట్టుపక్కల చెరువులనుంచి రోహూ, కట్ల దిగుతాయి. చాలానీ మాఛ్, దిగుమతి సరుకు అని బెంగాలీలు మూతి విరుస్తూనే కొంటారు. కైకలూరులోనో ఆకివీడులోనో పెరిగిన చేప ఐసుపెట్టెలో ఇంత దూరం వచ్చి గంగమీద తెలుగువాడి పళ్లెంలోకే చేరడంలో హాస్యరసం ఉంది, కాదనను. రుచి మాత్రం అంతంతే.

ఎడమ ఒడ్డు గురించి తక్కువ చెబుతున్నానని తెలుసు. సాల్కియా, ఘుసుడీ. మిల్లుల పొడుగాటి గోడలు, పొగ రాని పొగగొట్టాలు, నీళ్లలోకి సగం దిగి తుప్పుపట్టిన జెట్టీలు. దానికి అందం లేదని కాదు. అది ఒకే స్వరం, ఎక్కువసేపు వినలేం. ఘుసుడీ దగ్గర ఒక్క సంగతి గుర్తుచేసుకోవాలి. కంపెనీవాళ్లు జాలరులమీద పన్ను వేసినప్పుడు రాణీ రాస్‌మణి ఘుసుడీనుంచి మెటియాబ్రూజ్ దాకా నదిని పదివేల రూపాయలకి గుత్తకి తీసుకుని, అడ్డంగా ఇనప గొలుసులు కట్టించి ఓడల్ని ఆపేసిందని, కంపెనీ దిగివచ్చి పన్ను తీసేసిందని చెబుతారు. మనం తిరిగే నదిలో చాలా భాగం ఆవిడ గుత్తకి తీసుకున్న ముక్కే. ఎగువన తొమ్మిది శిఖరాలతో కనిపించే దక్షిణేశ్వరమూ ఆవిడ కట్టించిందే, 1855లో.

బేలూరు మఠం ఎడమవైపు రాగానే ఎవరో కోషా మాంగ్షో గిన్నె మూత తీశారు. నా తెలుగు మనసుకి ఇది కొంచెం గుచ్చుకుంది. పక్క బల్లమీది బెంగాలీ కుటుంబానికి ఆ పట్టింపే లేదు. దక్షిణేశ్వరంలో కాళికి నైవేద్యంలో చేప ఉంటుంది మరి. నల్లగా, జిగటగా, నూనె పైకి తేలేదాకా వేయించిన ఆ మాంసం ముందు ఔచిత్యచర్చ ఎక్కువసేపు నిలవదు కూడా.

ఇక్కడ లాంచీ మలుపు తిరుగుతుంది. నాకు ఈ విహారంలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణమిది. దీన్ని ఎవరూ ఫోటో తీయరు. సరంగు వేగం తగ్గిస్తాడు. ఇంజను గొంతు మారుతుంది. పడవ ఒక పక్కకి ఒరిగి నదికి అడ్డంగా నిలుస్తుంది. కుడివైపు కూర్చున్నవాళ్లకి ఇంతసేపూ కలకత్తా, ఎడమవైపువాళ్లకి హౌరా. ఇప్పుడు రెండు ఒడ్లూ మెల్లగా గుండ్రంగా తిరిగి చోట్లు మార్చుకుంటాయి. ఎవరూ సీటు మారలేదు, అందరికీ నాటకం మారిపోయింది. చట్నీ వడ్డించవలసింది ఇప్పుడే. టమాటా, ఖర్జూరం, మామిడితాండ్ర కలిపి వండిన తీపిపులుపు చట్నీ. ఆత్రేయపురం తాండ్ర ఎరిగినవాడికి టమాటాలో తాండ్ర ముక్క తగలడం చిన్న ఆశ్చర్యం. చట్నీ కూడా మలుపే కదా, కారంనుంచి తీపికి.

తిరుగుదారి పునరుక్తి అనుకుంటారు. కాదు. ఈ నదికి రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. సముద్రం ఇంత దూరాన ఉండి కూడా ఇక్కడి నీటిని వెనక్కి నెడుతుంది. ఎగువకి పోతున్నప్పుడు గుర్రపుడెక్క గుంపులు మన వెంటే ఎగువకి వచ్చాయి. పాటు మొదలయ్యాక అవే గుంపులు దిగువకి ప్రయాణం కట్టాయి. వాటి మీద ఒక కొంగ నిలబడి ఉంటుంది, టికెట్టు లేకుండా. నీరు తగ్గినకొద్దీ రేవుల్లో ఇందాక కనబడని మెట్లు బయటపడతాయి, అడుగుమెట్లు, బురద మెరుస్తూ. అదే ఒడ్డు, ఇంకొక పద్యపాదం. ఎండ కూడా హౌరావైపుకి వాలి, కలకత్తా ఒడ్డుని ఎదురుగా వెలిగిస్తుంది.

1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుగుప్రయాణంలో గంగమీద పడవలో కలకత్తా చేరాడు. సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రిటర్‌గా చేసినవాడు, చూసిన ప్రతిదానికీ ధరా దూరమూ రాసుకునే మనిషి. ఆయన దిగివచ్చిన నదికి వంతెన ఒక్కటీ లేదు. దక్షిణేశ్వరం లేదు, బేలూరు లేదు, ప్రిన్సెప్ ఘాట్ స్తంభాలు లేవు. తిరుగుదారిలో వీటన్నిటినీ కళ్లతో ఒక్కొక్కటే తీసేసి చూడటం నాకొక ఆట. చివరికి మిగిలేది బూడిదరంగు నీరూ, పడవలో వంట చేసుకుంటున్న ఒక తెలుగు పరివారమూ. గంగమీద మధ్యాహ్న భోజనం మనవాళ్లకి కొత్త కాదనడానికి ఇంతకన్నా దాఖలా ఏం కావాలి?

హౌరా వంతెన రెండోసారి దాటి, ఎర్ర ఇటుకల హౌరా స్టేషనుని కుడివైపు వదిలి, బాబూఘాట్, ప్రిన్సెప్ ఘాట్ ఎడమవైపు పోనిస్తే విద్యాసాగర్ సేతు. మన వీరేశలింగంగారిని దక్షిణాది విద్యాసాగరుడన్నారు గనక ఈ పేరు దగ్గర తెలుగువాడికి కాస్త చనువు. 1992 అక్టోబరు 10న తెరిచారు. నది మీది నడిమి దూరం రెండు వంతెనలకీ దాదాపు ఒకటే, 457 మీటర్లు. ఒకే ఛందస్సులో రెండు పద్యాలు. మొదటిది ఉక్కు మీద ఉక్కు పేర్చి, శ్రమ ఏదీ దాచకుండా. రెండోది రెండు స్తంభాలనుంచి విసనకర్రలా విచ్చుకున్న తీగలతో, శ్రమే లేనట్టు. ద్రాక్షాపాకం ఇది, చూడగానే అందుతుంది. అందుకే కాబోలు, ఎక్కువసేపు నిలవదు. లేతనీలం ఆకాశంలో ఆ తీగలు ఒక్కో కోణంలో మాయమైపోయి రోడ్డు ఒక్కటే గాలిలో ఉన్నట్టుంటుంది. మొదటిసారి చూసినప్పుడు దీనికే ఓటేస్తాం. తరవాత్తరవాత పాతదానికి మారిపోతాం.

ఇక తీపి. నూతన్ గుడ్ సందేశ్. ఈత చెట్టునుంచి మనం కల్లు తీస్తాం, వీళ్లు చలికాలంలో బెల్లం తీస్తారు. ఎవరిది సద్వినియోగమో తగువు పెట్టుకోను. ఆ బెల్లానికి కొంచెం పొగవాసన ఉంటుంది. ఇందాక శుక్తో వేళ చూసిన పొగ కాదు, పొయ్యి పొగ. విరిగిన పాలలో అది కలిసి, నాలుకమీద పొడిగా మొదలై తడిగా ముగుస్తుంది. దీన్ని ఎక్కడ తినాలన్నదే నా పేచీ. నా లెక్క ప్రకారం రెండో వంతెన దాటి, వంపు తిరిగి, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ ఒడ్డున తినాలి. 1787లో పెట్టిన ఆ తోటకి 1793లో విలియం రాక్స్‌బరో వచ్చింది మన సామర్లకోటనుంచి. అక్కడ బొమ్మలు గీయించుకున్న కోరమాండల్ తీరపు మొక్కలే 1795నుంచి లండన్‌లో సంపుటాలుగా అచ్చయ్యాయి. మొక్కల పేర్లు తెలుగులో అడిగి రాసుకున్న దొర. ఆయనున్న ఇల్లు ఆ తోటలో నది పక్కనే, చెట్ల వెనక ఉంది. చేదుతో మొదలైన భోజనం గోదావరి జిల్లా మొక్కల్ని ఎరిగిన ఆ ఒడ్డుదాకా సాగి అక్కడ తీపితో ముగిస్తే క్రమం పూర్తవుతుంది.

ఈ వాదనంతా వడ్డించే కుర్రాడికి నా వచ్చీరాని బెంగాలీలో వినిపించి, అప్పటిదాకా సందేశ్ పళ్లెం మీద మూత తీయొద్దన్నాను. ఓపిగ్గా విన్నాడు.

"దాదా, మన లాంచీ అంత దూరం పోదు, ఈ వంతెన కిందే తిరిగిపోతుంది. మీరు ఇక్కడే తినేయండి" అన్నాడు, నా పళ్లెంలో రెండు పెడుతూ.